పద్దెనిమిది సున్నాలు

ఉదయం తొమ్మిదీ పదికి పిస్టల్ గుండు తగిలి ఇంజనీర్ చనిపోయాడు. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉండటంతో వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు కూడా వినలేదు పాపం. అడవిలో చిరుతల్ని కనిపెట్టే వాచర్లు రాసిన లెక్కల్ని సంగీతంగా మార్చడం అతని పని. అలాంటి మనిషికి శత్రువులు ఉంటారని ఎవరనుకుంటారు?

తొమ్మిదిన్నరకి ఏజెంట్ ‘సూది’ బాస్ గదిలో ఉంది. సన్నగా ఉంటుంది, గుచ్చితే లోతుగా దిగుతుంది. డిపార్ట్‌మెంట్ ఆ పేరు ఊరికే పెట్టలేదు.

“పన్నెండింటికి ఇంజనీర్ కట్టిన పాటతో రేడియోలో లైవ్ కచేరీ,” అన్నాడు బాస్. “లోయలో పన్నెండు చోట్లు. చోటుకో స్వరం. చిరుత ఎక్కడ కనబడితే అక్కడి స్వరం పలుకుతుంది. నిరుడు వాచర్‌గా మీ నాన్నగారు రాసిన రిజిస్టరే. పాత లెక్కల కోసం ప్రాణం ఎందుకు తీశారో తేలాలి.”

రిహార్సల్ రికార్డింగ్ పెట్టాడు. వాయించింది, కచేరీలో వాయించబోయేదీ డిపార్ట్‌మెంట్ డబుల్ ఏజెంట్, అందగత్తె. విదేశీ స్మగ్లర్ల ముఠాలో ఉంటూ రెండేళ్ళుగా ఇక్కడికి కబుర్లు మోస్తోంది.

“నిప్పులాంటి మనిషి,” అన్నాడు బాస్.

“ఎవర్ని కాలుస్తోందో చూడాలి సార్.”

సూది చివరిదాకా విన్నది. ఆమె మొహం మారింది.

“ఇది నాన్న రిజిస్టర్ కాదు. చిరుత కనబడని రోజు కూడా నాన్న అడవంతా తిరిగి సున్నా వేస్తాడు. నిరుడు వానల్లో వరసగా పద్దెనిమిది సున్నాలు. సున్నాకి స్వరం ఉండదు, పాట ఆగాలి. ఇది ఎక్కడా ఆగలేదు! చిరుతల మెడకి కట్టిన రేడియో కాలర్ల లెక్క సార్ ఇది. కాలర్ గంటగంటకీ పలుకుతుంది, దానికి సున్నా వేయడం రాదు. ఇవి ఈ వారానివే అయ్యుండాలి, పాతవైతే ఎవరికీ పనికిరావు. పాట మార్చారని ఇంజనీర్ కనిపెడతాడనే చంపారు. వేటగాళ్ళు రేడియో పెట్టుకు కూర్చుంటే చాలు, ఏ చిరుత ఎక్కడుందో తెలిసిపోతుంది.”

పాటలో అయిదో స్వరం మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. సూది నాన్నకి ఫోన్ చేసింది.

“అయిదో నంబర్ చోట ఏముంది నాన్నా?”

“తల్లి చిరుత. రెండు పిల్లలు. ఇంకా కళ్ళు సరిగ్గా తెరవలేదు. అది అక్కణ్ణుంచి కదల్దు.”

“వేటగాళ్ళు వస్తున్నారు. నువ్వు దిగి వచ్చెయ్.”

“నేనూ కదల్ను. ముప్పై ఏళ్ళు లెక్కపెట్టింది వాళ్ళకి అప్పజెప్పడానికా?”

ఆ మొండితనం ఎవరి పోలికో సూదికి తెలుసు. కళ్ళు తుడుచుకుని అడిగింది, “ఆరో నంబర్ చోట?”

“మా గార్డుల క్యాంపు. ఇరవై మంది, రెండు కుక్కలు. ఎందుకే?”

“వాళ్ళని సిద్ధంగా ఉండమను.”

బాస్ అప్పటికే ఇంకో ఫోన్ అందుకున్నాడు. “కచేరీ రద్దు చేయిస్తున్నాను.”

“వద్దు సార్. రద్దయితే రేపు ఇంకో దారిన వస్తారు. ఇవాళే రానివ్వండి, నేను రమ్మన్న చోటికి.”

“ఇది ఆర్డర్!”

“అయితే సస్పెన్షన్ కాగితం టైప్ చేయించండి. పన్నెండున్నరకి వచ్చి సంతకం పెడతాను.” బాస్ విసురుగా ఫోన్ పెట్టేశాడు.

పదకొండూ యాభైకి రేడియో స్టేషన్ గేటు దగ్గర నీలం యూనిఫామ్‌లో ఒక కీబోర్డ్ మెకానిక్ దిగింది.

“కీబోర్డుకి జలుబు చేసిందట,” అంది.

“చేసింది. తుమ్మితే బీట్ తప్పుతోంది,” అన్నాడు సెక్యూరిటీ గార్డు, డిపార్ట్‌మెంట్ మనిషి. కోడ్ సరిపోయింది.

స్టూడియోలో అందగత్తె అద్దం చూసుకుంటోంది. సూది చెయ్యి ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారింది. లోపల పిస్టల్, పిస్టల్‌లో ఒక గుండు తక్కువ. ఇంజనీర్ని చంపిందెవరో సూదికి ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పిస్టల్ చప్పుడు లేకుండా టూల్‌బ్యాగ్‌లోకి మారింది.

“ఇంకా ఎంతసేపు?” విసుక్కుంది అందగత్తె.

“అయిపోయింది మేడమ్.”

ప్రసారానికి ఇంకా పది సెకన్లు. కీబోర్డు పక్కన శ్రుతి మార్చే మీట ఉంది. సూది దాన్ని ఒక మెట్టు పైకి జరిపింది. ఇక అయిదు నొక్కితే ఆరు పలుకుతుంది. తర్వాత లిప్‌స్టిక్ తీసింది. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ వాళ్ళ తయారీ. మూడు సెకన్లలో రాయిలా గట్టిపడే గమ్. “పొరపాటున పెదాలకి రాసుకోకు తల్లీ,” అని మరీ ఇచ్చారు. మీట మీద పులిమింది. మూడు... రెండు... ఒకటి. ఎర్ర లైటు వెలిగింది.

అందగత్తె వేళ్ళు కదిలాయి. నాలుగు స్వరాలకే ఆమెకి తేడా తెలిసింది. చెయ్యి మీట మీదికి వెళ్ళింది, అది కదల్లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది, ఏమీ దొరకలేదు. తలెత్తితే తన పిస్టలే తనని చూస్తోంది. సూది రెండో చేత్తో కాగితం చూపించింది: “ఆపకండి మేడమ్. బాగా వాయిస్తున్నారు.”

చెమటలు కక్కుతూ చివరిదాకా వాయించింది.

పన్నెండూ ఇరవైకి సూది ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏడుగురు వేటగాళ్ళు తుపాకులతో సహా నేరుగా గార్డుల క్యాంపులోకి నడిచారు. కుక్కలకి పని కూడా పడలేదు.

బేడీలు పడ్డ అందగత్తెని బయటికి తీసుకెళ్ళాక, సూది ఇంజనీర్ చేసిన అసలు పాటని ప్రసారంలో పెట్టింది. ఆ మనిషిని చంపగలిగారు, పాటని చంపలేరు. మధ్యలో సంగీతం ఆగింది. స్టేషన్ మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

“డెడ్ ఎయిర్! రేడియో మూగబోయింది! ఏదైనా ప్రకటన వేయండి!”

“చెయ్యి వేస్తే విరుగుతుంది,” అంది సూది.

సెకనుకో సున్నా. పద్దెనిమిది సెకన్లు దేశమంతా నిశ్శబ్దం విన్నది. తర్వాత ఒక్క స్వరం పలికింది. చిరుత మళ్ళీ కనబడిన రోజది.

ఫోన్ మోగింది. బాస్.

“సస్పెన్షన్ కాగితం చింపేశాను. అది సరే, మధ్యలో ఏమైంది? రేడియో పాడైందా?”

“లేదు సార్. నాన్న డ్యూటీలో ఉన్నాడు.”