మూరెడు ఎడమకు

ఉదయం 6:20. కోరుట్ల.

సకల జనుల సమ్మె పన్నెండో రోజు. బస్సులు లేవు. బడులు లేవు. రోడ్డు పక్కన దీక్షా శిబిరంలో అప్పుడప్పుడే జనం చేరుతున్నారు.

ఎక్కడి నుంచో ఒక బాణం వచ్చి చిన్నవ్వ భుజం వెనుక దిగింది.

చిన్నవ్వ బీడీలు చుట్టే ముసలమ్మ. కింద జంపఖానా మీద కూర్చుని ఉంది. ఆమెకు కుడి పక్కన, స్టూలు మీద, శిబిరం నడిపే డ్రిల్లు మాస్టర్ నారాయణ. ఇద్దరి వీపులూ ప్రహరీ వైపే. ప్రహరీ ఒకచోట కూలి సందు పడింది. అవతల విలువిద్య క్లబ్ మైదానం.

6:45కి ఎస్సై రూతమ్మ వచ్చింది. బాణం కర్ర మీద మూడు ఆకుపచ్చ పట్టీలు. ఆ గుర్తు క్లబ్‌లో ఒక్కరిదే.

మానస. పంతొమ్మిదేళ్లు. రేపు పది గంటలకు సిరిసిల్లలో ఆమెకు విలువిద్య జట్టు సెలెక్షన్.

7:30. పోలీస్ స్టేషన్.

"ఆరు, ఆరున్నర నడుమ ఎక్కడున్నవ్?"

"క్లబ్ రూంల, మేడం."

"ఎవరన్న చూసిండ్రా?"

"లేదు. ఒక్కదాన్నే."

"ఏం చేస్తున్నవ్?"

"నా బాణాలు ఆరు ఉండాలె. ఐదే ఉన్నయి. ఆరోది దేవులాడుతున్న."

ఫోన్ మోగింది. సీఐ.

"శిబిరం మీద దాడి అని ఊరంతా ఒకటే మాట. రాళ్లు పడకముందే అరెస్టు చూపియ్యాలె. రెండింటికల్లా రిమాండ్ కాగితాలు నా టేబుల్ మీదుండాలె."

రూతమ్మ గడియారం చూసుకుంది. చేతిలో ఉన్నవి ఆరున్నర గంటలు.

9:10. జగిత్యాల ఆస్పత్రి. చిన్నవ్వకు ప్రాణగండం తప్పింది. నోరు కూడా తిరిగి వచ్చింది.

"అవ్వా, నీ మీద ఎవరికన్న పగ ఉందా?"

"నా మీద పగ వెట్టుకునే తీరిక ఎవనికుంది బిడ్డా? నన్ను సంపితే ఏమొస్తది, బీడీల కట్టనా?"

"మానసతోని లొల్లి ఏమన్న?"

"ఆ పోరితోనా? రోజు నా చాయ్‌ల సగం తాగుతది. గంతే దాని నేరం. ఇడిసిపెట్టు."

రూతమ్మ నవ్వలేదు. మొదటి జవాబును నోట్‌బుక్‌లో రాసుకుని, కింద గీత గీసింది.

11:30. క్లబ్ రూం.

తాళంచెవులు మూడు. ఒకటి మానసది. ఒకటి క్లబ్ సెక్రటరీ విఠల్‌ది. మూడోది హబీబుద్దీన్‌ది. ఆయన వడ్రంగి. విల్లులు, బాణాలు చేసేదీ ఆయనే, నేర్పేదీ ఆయనే.

గోడకు రెండు కర్ర విల్లులు వేలాడుతున్నాయి. రెండింటికీ కొసలు ముందుకు వంగి ఉన్నాయి. పెద్దది మానసది. చిన్నది కొత్తగా నేర్చుకునేవాళ్లది. రూతమ్మ చిన్నదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. బాణం ఆనే చోట సన్నటి ఆకుపచ్చ గీరు.

హబీబుద్దీన్ ఒక బాణాన్ని రెండు మేకుల మీద పెట్టి, నడుమ అరకిలో రాయి వేలాడదీశాడు.

"ఏం చూస్తున్నరు?"

"ఎంత వంగుతదోనని, మేడం. గుంజుడు గట్టిగున్న కమాన్‌కు, అంటే విల్లుకు, గట్టి బాణం. అల్క కమాన్‌కు మెత్త బాణం. బాణం సక్కగ పోతదనుకుంటరు గని, చేప లెక్క మెలికలు తిరుక్కుంట కమాన్‌ను తప్పించుకుంట పోతది."

"అల్క దానికి గట్టిది పెడితే?"

"మెలిక తిరగది. కమాన్‌కు రాసుకుంట, కుడిచేతోళ్లదైతే ఎడమకు పోతది. బరువు గూడ ఉంటది గద, కిందికి దిగుతది."

రూతమ్మ మానసను పిలిపించింది. ముప్పై అంగల అవతల, సందు నుంచి శిబిరానికి ఎంతో సరిగ్గా అంత దూరంలో గోనెసంచి కట్టించింది.

మానస తన విల్లుతో తన బాణం కొట్టింది. సంచి నడిమధ్య దిగింది.

అదే బాణం, చిన్న విల్లు. మూరెడు ఎడమకు, జానెడు కిందికి.

రూతమ్మ సంచిని చాలాసేపు చూసింది. తర్వాత సందులోంచి శిబిరం వైపు చూసింది. స్టూలు. దానికి ఎడమన, కింద, నెత్తురు మరక పడ్డ జంపఖానా.

1:10. తాళంచెవులున్న ముగ్గురినీ మైదానంలో నిలబెట్టింది. నారాయణను కూడా రమ్మంది. విఠల్ తెల్ల ఫుల్‌చేతుల చొక్కాలో వచ్చాడు. ఉక్కపోతలోనూ మణికట్టు గుండీలు తీయలేదు.

బల్ల మీద ఇరవై బాణాలు.

"ఈ చిన్న విల్లుకు ఒక్కొక్కరు ఒక్క బాణం ఏరుండ్రి."

హబీబుద్దీన్ నాలుగింటిని వంచి చూసి, రంగు వెలసిన ఒకటి తీశాడు. మానస కూడా వేళ్లతో వంచి చూసే తీసింది. విఠల్ ఒక్క చూపులో అన్నిటికంటే కొత్తదాన్ని ఏరాడు.

"గిది సక్కగుంది, మేడం. ఈకలు గూడ కొత్తయి. అయినా నేను కాగితాలు రాసేటోన్ని. విల్లు పట్టుడు నాకేమెరుక?"

ఆ బాణం ముగ్గురివాటిలోకెల్లా గట్టిది.

"పొద్దుగాల కొట్టినోడు గూడ గిదే తప్పు చేసిండు" అంది రూతమ్మ. "అవ్వకు గురి పెట్టలే. నారాయణ సార్ వీపుకు పెట్టిండు. మానస బాణమైతే నేరం మానస మీదికి పోతదని దొంగిలించిండు. ఆ బాణం మానస విల్లుకే కుదురుతదని వానికి తెల్వదు. మానసకు తెలుసు. హబీబుద్దీన్ చాచాకు తెలుసు. తాళంచెవి ఉండి తెల్వంది ఒక్కరికే."

నారాయణ ముందుకొచ్చాడు.

"సిరిసిల్లకు పోయే లిస్టుల మానస పేరు కొట్టేసి, విఠల్ తన మేనకోడలి పేరు రాసిండు మేడం. నేను మళ్ల మార్పిచ్చిన. అసలు మార్కుల కాగితం నా దగ్గరుంది. సమ్మె అయినంక కలెక్టర్‌కు ఇస్తనని ఈయనతోనే అన్న."

"విఠల్, ఎడమ చేతి గుండీ తియ్."

అతను తీయలేదు. కానిస్టేబుల్ తీశాడు. మోచేతి కింద, లోపలి వైపు, పొడుగ్గా కమిలిన వాతలు. కొన్ని పాతవి. ఒకటి ఇవాళ్టిది.

"వింటినారి దెబ్బ" అన్నాడు హబీబుద్దీన్ మెల్లగా. "నన్నడిగితే మంచిగ నేర్పుతుంటి గద, భాయ్."

విఠల్ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"నెల రోజులు కొట్టిన. ఒక్కటి గూడ తప్పలే."

"మెత్త బాణాలతోని" అంది రూతమ్మ.

1:50కి సీఐకి ఫోన్ చేసి పేరు మార్చి చెప్పింది.

2:15. స్టేషన్ బయట స్కూటర్ మీద హబీబుద్దీన్. వెనుక మానస. సంచిలో ఐదు బాణాలే. ఆరోది సాక్ష్యంగా సీలు కవర్‌లోకి పోయింది.

"మూడింటికి రాస్తారోకో. తొవ్వ బంద్ అయితది. జల్ది పోండ్రి" అంది రూతమ్మ.

హబీబుద్దీన్ కొత్త బాణం ఒకటి మానసకు అందించాడు. ఆకుపచ్చ పట్టీలు ఇంకా ఆరలేదు.

మానస దాన్ని రెండు చేతులా పట్టుకుని వంచింది. మళ్లీ వంచింది. తల అడ్డంగా ఊపింది.

"ఇంకింత గట్టిగుంది, చాచా."

హబీబుద్దీన్ రోడ్డు వైపు చూశాడు. మానస ముఖం చూశాడు. స్కూటర్ ఆపేసి, జేబులోంచి గరుకు కాగితం తీశాడు.