శుక్రవారం ఆగిన పార్సెలు

కాంచన మొదటిసారి ముద్దుకృష్ణ టైపు అంగడికి వచ్చింది పోట్లాడేదానికే.

చింతామణి తాలూకు కచేరి ఎదురుగా రేకుల కింద ఒక మిషను, రెండు స్టూళ్లు, అదీ అంగడి. తడిసిన గొడుగైనా మూయకుండా లోపలికొచ్చి, నాయనను పంపి అతని దగ్గర కొట్టించుకున్న కాగితం మిషను మీద పెట్టింది.

"నా పుట్టిన సంవత్సరం తప్పు కొట్టినావు బావా. దీంట్లో నాకు ముప్పై అయిదేండ్లు. ముసల్దానికి ఎవురిస్తారు స్కాలర్‌షిప్పు?"

వరసకు బావే. గుడ్డలంగడి వెంకటరాయప్ప కూతురని తెలుసు గానీ, కోప్పడితే ఇంత బాగుంటుందని అతనికెట్లా తెలుస్తుంది? మళ్లీ కొట్టాడు, మళ్లీ తప్పే. మిషను నా మొగాన లేదు, కింద ఉండాది చూడు అని ఆమె నవ్వేసింది.

ఆమె బెంగళూరులో చిత్రకళ డిప్లొమా చదివొచ్చింది. బరోడాలో పైచదువుకు దిల్లీ సర్కారు స్కాలర్‌షిప్పు ఇస్తుందంటే అర్జీ పెడుతోంది. అర్జీతో పాటు తను వేసిన ఆరు బొమ్మలు పంపాలి. పరగోడు పల్లెలో చెనక్కాయలు ఒలిచే ముసలమ్మ బొమ్మ చూపిస్తే ముద్దుకృష్ణ మిషను మరిచిపోయి దాన్నే చూశాడు. ఇరవై అయిదు దాటితే అర్జీ తీసుకోరు. ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

పది రోజులు సర్టిఫికెట్ల నకళ్లంటూ రోజూ వచ్చింది. ఆ పది రోజుల్లో పాపం వీడి పని అయిపోయింది. తను ఎంత చక్కగా కొడితే ఆమె అంత తొందరగా ఊరు విడిచి పోతుందని ఆలస్యంగా తట్టింది.

బుధవారం పొద్దున్నే కాగితాలన్నీ ముగిశాయి. వాటిని సొరుగులో పెట్టి, రిబ్బను అరిగిపోయింది, బెంగళూరు నుంచి రావాలని ఆమెతో అబద్ధమాడాడు. గురువారం దీపాలు పెట్టినాక తానే ఇంటికి తీసుకుపోయి ఇచ్చాడు.

ఆ ఇంటి కట్టుబాటు బజారంతటికీ తెలుసు. దీపాలు పెట్టినాక గడప దాటి చిల్లిగవ్వ పోదు. శుక్రవారమైతే అసలే పోదు, ఆ వస్తువుతో పాటు లక్ష్మి పోతుందని వాళ్ల భయం. శుక్రవారం టపాలో పడకపోతే అర్జీ గడువుకు అందదు. ఇదంతా తెలిసే చేశాడు, ఇంకేం చెప్పేది?

శుక్రవారం వాళ్ల అవ్వ అంబుజమ్మ గడపలో కూర్చుని లేవలేదు. కాంచన అవ్వ కాళ్లు పట్టుకుని ఏడ్చిందట. పార్సెలు శనివారం పోయింది. నెలన్నరకు తిరిగొచ్చింది, గడువు దాటిందన్న ఒక్క వాక్యంతో.

ఆ తరవాత కాంచన కుంచె ముట్టలేదు. ఏమడిగినా ఊ అనేది. వెంకటరాయప్ప ఒకనాడు అంగడికొచ్చి, మా పిల్ల నవ్వింది నీ దగ్గరికి వచ్చిన్నాళ్లే నాయనా, చేసుకుంటావా అని అడిగాడు. తాంబూలాలకు రోజు కూడా పెట్టారు. కోరుకున్నదే దొరికింది, అయినా ఆ పెద్దాయన కండ్లల్లోకి చూడలేక ముద్దుకృష్ణ తల వంచుకున్నాడు.

తాంబూలాలు ఇంకా మూడు రోజులుండగా వాళ్లింటికి పోయి, వసారాలో ఆమెకు అంతా చెప్పేశాడు.

"బుధవారమే అయిపోయిండెనా?"

"అయిపోయిండె."

"రిబ్బను?"

"కొత్తదే."

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. ఇంక ఈ జన్మకు మాట్లాడదని అనుకున్నాడు.

మర్నాడు వానలో అంగడికొచ్చి స్టూలు మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది.

"మిషన్లో కాగితం ఎక్కించు. మళ్లీ చూడమని దిల్లీకి రాద్దాం. ఆలస్యం నాది కాదు, టైపిస్టుదని కొట్టు. కింద నీ పేరు, సంతకం."

ఆ మాట కచేరిలో పొక్కితే అతనికి ఇంక ఎవరూ కాగితం ఇవ్వరు. అయినా ఎక్కించాడు. టైపిస్టు అజాగ్రత్త వల్ల ఆలస్యమైందని కొట్టి సంతకం చేశాడు. ఆమె చదివింది.

"అజాగ్రత్తనా అది?"

"కాదు."

"మరి ఏముంటే అది కొట్టు."

ఇంకో కాగితం ఎక్కించాడు. వేల అర్జీలు కొట్టిన వేళ్లు అక్షరాలు వెతుక్కున్నాయి. ఒకే ఒక్క వాక్యం. ఆమె రెండుసార్లు చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఇది నాకు. సర్కారుకు అజాగ్రత్త అనేదే పంపు."

"మరి తాంబూలాలు?"

"వద్దని నాయనకు చెప్పొచ్చినాను. దిల్లీవాళ్లు సరే అంటే బరోడాకు పోతాను. రెండేండ్లు చదివి వచ్చినాక మళ్లీ అడుగు."

"వాళ్లు వద్దంటే?"

కాంచన సంచి తీసుకుని లేచింది. "అప్పుడు నన్ను అడగొద్దు బావా. నీ మొగం చూస్తే నాకు ఆ శుక్రవారమే గుర్తొస్తాది."

ముద్దుకృష్ణ ఉత్తరం చొక్కా లోపల దాచుకుని, అంగడైనా మూయకుండా, వానలోనే టపా కచేరికి పరిగెత్తాడు.