ఉజ్వల ఒంట్లో సీసం

"నేను పాపకి మందు పెట్టానంటున్నారమ్మా!"

ఆ మాట అనేసి నాగమల్లేశ్వరి కుర్చీలో కూలబడింది. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. చేతిలోని సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

అది 2013 అక్టోబరు. అల్ఫారెట్టాలో ఒక దోసెల హోటల్ పైనున్న చిన్న గదే ఉమామహేశ్వరి ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు. చాలా ఏళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకున్న అనుభవం ఆమెది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే అడ్డు రాదు, చూపు మరల్చదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక ఆమె దగ్గర అసిస్టెంట్‌గా చేరిన మీనాకి ఆ ఓపిక చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే.

"నీళ్ళు తాగండి ఆంటీ. మెల్లగా చెప్పండి," అంది మీనా గ్లాసు అందిస్తూ.

నాగమల్లేశ్వరి తన కూతురి దగ్గర ఉంటూ, పగలు వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకునే పని చేస్తుంది. రాజారావు, జయంతి అనే దంపతులిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే, వాళ్ళ నాలుగేళ్ళ పాప ఉజ్వలని రెండేళ్ళుగా ఆమే చూసుకుంది. వేసవి ముందు నుంచి పాప పాలిపోయింది. ఊరికే కడుపునొప్పి అనేది. వచ్చిన మాటలు మర్చిపోసాగింది. ఆగస్టులో రక్తపరీక్ష చేయిస్తే ఒంట్లో సీసం ఉందని తేలింది.

"నాటు మందులేమైనా పెడుతున్నారా అని డాక్టర్ అడిగాడట. నేను మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసేదాన్ని. జయంతికి అది గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే రావద్దన్నారు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "గుళ్ళో నన్ను చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కుంటున్నారమ్మా. పోలీసులకి కూడా చెప్తారట."

"వస కాక ఇంకేం పెట్టారు?" అంది ఉమామహేశ్వరి.

"కాటుక, బొట్టు. కాటుక నేనే ఆముదంతో పట్టాను. అన్నీ తెచ్చాను, చూడండి." సంచీ బల్ల మీద గుమ్మరించింది.

ఉమామహేశ్వరి వాటిని ల్యాబ్‌కి పంపింది. వేటిలోనూ సీసం లేదు. ఆ కబురు చెప్పినప్పుడు నాగమల్లేశ్వరి సంతోషించలేదు. "మరి పాపకి ఎక్కడిది?" అంది.

ఉమామహేశ్వరి, మీనా ఇంటికి వెళ్తే జయంతి తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరు ఆవిడ తరఫున వచ్చారని తెలుసు. అయినా ఫోన్‌లో సరే అన్నాను. ఎందుకంటే ఆవిడ మానేసి రెండు నెలలైంది. మొన్నటి టెస్ట్‌లో నంబర్ తగ్గలేదు, పెరిగింది."

"ఇల్లు చూశారా ఎవరైనా?"

"కౌంటీ హెల్త్ వాళ్ళు వచ్చి పెయింట్, నీళ్ళు టెస్ట్ చేశారు. ఇల్లు కొత్తదే కదా, పాత ఇళ్ళలోలా సీసం పెయింట్ ఉండదు, అంతా క్లీన్ అన్నారు. నేను ఆఫీస్‌లో ఉన్నాను, మా ఆయనే దగ్గరుండి చూపించాడు."

ఉజ్వల వంటింటి గట్టు పక్కన నేల మీద కూర్చుని స్టీలు గ్లాసుల్ని చిన్నది పెద్దదాంట్లో వరసగా దూరుస్తోంది. ఒక్కటీ తప్పలేదు. తర్వాత మీనా పెన్ను మూత లాక్కుని కింది పెదవికి ఆనించి ఊదింది. సన్నగా ఈల వచ్చింది. మీనా నవ్వింది. ఉమామహేశ్వరి నవ్వలేదు.

"ఎవరు నేర్పారమ్మా?"

"డాడీ. డాడీ ఇచ్చాడు... అది... అది..." పాప పెదవులు కదిలాయి. మాట దొరకలేదు. జయంతి మొహం పక్కకి తిప్పుకుంది.

జయంతి వాళ్ళకి ఇల్లంతా చూపించింది. ఇంటి అడుగునున్న బేస్‌మెంట్‌లో గోడ వారన కార్పెట్ మీద నాలుగు లోతైన అచ్చులున్నాయి, బరువైన బల్ల కాళ్ళవి. కార్పెట్ అంచున గోధుమరంగు రవ్వ లాంటిది ఇరుక్కుని ఉంది. ఉమామహేశ్వరి కాగితంతో కొంచెం ఎత్తి చూసింది. ఎండిన మొక్కజొన్న బెండుని పిండి చేసినట్టుంది.

"ఇక్కడ ఏముండేది?"

"మా ఆయన షూటింగ్ సామాను. గన్ ఇంట్లో ఉండటం నాకిష్టం లేదని ఎప్పుడూ గొడవే. జూన్‌లో అంతా తనే తీసేశాడు. నా మాట విన్నాడనుకున్నా. అప్పట్నుంచి పాపని కిందికి రానివ్వడు. ప్రతి శనివారం ఇల్లంతా వాక్యూమ్ చేస్తాడు."

"జూన్‌లోనా? రక్తపరీక్ష ఆగస్టులో కదా?"

"అవును. ఏం?"

ఉమామహేశ్వరి మెట్లెక్కి వంటింట్లోకి వచ్చింది. జయంతికి ఆఫీస్ ఫోన్ రాగానే పాప పక్కన నేల మీద కూర్చుంది. "నీ ఈల నాకు చూపిస్తావా?"

పాప ఆమె చెయ్యి పట్టుకుని తన గదికి తీసుకెళ్ళింది. మంచం మీది కుందేలు బొమ్మ కుట్టు విప్పి, లోపలినుంచి మూడు ఇత్తడి గొట్టాలు తీసింది. ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. పేల్చేసిన పిస్తోలు తూటాల ఖాళీ తొడుగులు! లోపల నల్లటి మసి. ఉమామహేశ్వరి వాటిని రుమాల్లో చుట్టి, పాప చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగింది.

ఊరి బయట, తుపాకీతో గురి సాధన చేసే షూటింగ్ రేంజ్ యజమాని నెరిసిన గడ్డం పెద్దాయన. రాజారావు పేరు వినగానే నవ్వాడు.

"మంచివాడు. ఈ ఏడాది దుకాణాల్లో తూటాలు దొరకడం లేదుగా. అందరూ పేల్చిపోయిన ఖాళీ తొడుగుల్ని బకెట్లకెత్తుకుని పోయేవాడు. ఇంట్లో సైజుల వారీగా ఏరి, యంత్రంలో మొక్కజొన్న బెండు పొడితో తిప్పి మెరుగుపెట్టి, మళ్ళీ తుపాకీ మందు నింపుకునేవాడు."

"రావడం ఎందుకు మానేశాడు?"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. "జూన్ మొదట్లో ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. కూతురు ఆ కుప్ప ముందు కూర్చుని ఏరుతోంది. ఆ మసిలో సీసం ఉంటుంది, పిల్లని దగ్గరికి రానివ్వకు, వెంటనే రక్తం పరీక్ష చేయించు అన్నాను. మనిషి తెల్లగా పాలిపోయాడు. మళ్ళీ కనిపించలేదు."

కారెక్కి మీనా సీటుబెల్టు పెట్టుకుంది. "మేడమ్, మీరు ఈల దగ్గరే పోల్చుకున్నారు కదా? నేను ముద్దుగా ఉందనుకున్నా," అంది.

"ముద్దుగానే ఉంది మీనా," అంది ఉమామహేశ్వరి.

ఆదివారం పొద్దున జయంతి హాల్లో అందరూ కూర్చున్నారు. నాగమల్లేశ్వరి గుమ్మం దగ్గరి కుర్చీ దాటి లోపలికి రాలేదు. రాజారావు ఆమె వైపు చూడలేదు. ఉమామహేశ్వరి రుమాలు విప్పి మూడు తొడుగులూ బల్ల మీద పెట్టింది.

"ఇవి పాప కుందేలు బొమ్మలో దాచుకుంది, జయంతిగారూ. నాగమల్లేశ్వరిగారు పెట్టిన వాటిలో సీసం లేదు. పరీక్ష చేయించాను. సీసం వీటి మసిలో ఉంది. వీటిని మెరుగుపెట్టేటప్పుడు లేచే దుమ్ములో ఉంది. బేస్‌మెంట్ కార్పెట్‌లో మెరుగుపెట్టిన మొక్కజొన్న పొడి ఇంకా ఉంది. పాప వీటిని ఏరింది, ఒకదాంట్లో ఒకటి దూర్చింది, పెదవికి పెట్టి ఊదింది."

"రాజా?" అంది జయంతి.

"తెలియక జరిగితే నేను ఇంతమందిని కూర్చోబెట్టేదాన్ని కాదు," అంది ఉమామహేశ్వరి. "రాజారావుగారు సామాను జూన్‌లో తీసేశారు. రక్తపరీక్షకి రెండు నెలల ముందు. రేంజ్ యజమాని ఆయనకి చెప్పాడు. అంటే డాక్టర్ సీసం అన్నప్పుడు, ఎక్కడిదో ఈ ఇంట్లో ఒక్కరికే తెలుసు."

రాజారావు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"మూడు సైజులూ కలిసిపోతే పెద్దాళ్ళే పొరబడతారు," అన్నాడు మెల్లగా. "ఇది టకటకా ఏరేసేది. మా అమ్మాయి ఎంత షార్పో అని రేంజ్‌లో అందరికీ చెప్పుకున్నాను. ఆయన సీసం అనగానే అన్నీ తీసేశా. క్లీన్ చేస్తే పోతుందనుకున్నా. టెస్ట్ చేయిస్తే ఏం తెలుస్తుందో అని భయం. డాక్టర్ అడిగినప్పుడు చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా నువ్వు వసకొమ్ము అన్నావు జయంతీ. అందరూ అటు తిరిగారు. నేను... ఊరుకున్నాను."

"రెండు నెలలు నేను ఆవిణ్ణి తిడుతుంటే పక్కనే కూర్చుని విన్నావు!" అంది జయంతి. "మరి ఆవిడ మానేశాక, నువ్వు అన్నీ తీసేశాక కూడా ఎందుకు పెరిగింది?"

ఉమామహేశ్వరి బల్ల మీది తొడుగుల్ని తిరిగి రుమాల్లో చుట్టింది. కేసులో ఆమె చెప్పాలనుకోని భాగం అదే.

"పాప రోజూ వీటితో ఆడుకుంటోంది. పైగా మామూలు వాక్యూమ్ ఆ సన్నటి పొడిని పట్టలేదు. వెనకనుంచి గాలితో బయటికి ఊదేస్తుంది. బేస్‌మెంట్‌లోది శనివారం శనివారం ఇల్లంతా పరుచుకుంది."

రాజారావు తల ఎత్తాడు. జయంతి వైపు చూశాడు.

"జూన్‌లోనే చెప్పి ఉంటే?" అంది జయంతి.

"తెలీదమ్మా. డాక్టర్ చెప్పాలి. పోయిన మాటల్లో కొన్ని వెనక్కి రావచ్చు. ముందు ఈరోజే పాపని తీసుకుని ఈ ఇల్లు వదలండి. సీసం శుభ్రం చేసేవాళ్ళు వేరే ఉంటారు."

రాజారావు లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. "ఆంటీ, గుళ్ళో అందరికీ నేనే చెప్తాను. కౌంటీ వాళ్ళకీ చెప్తాను."

"చెప్పు బాబూ. చెప్పాల్సిందే," అంది నాగమల్లేశ్వరి. ఆ గొంతులో కోపం ఉందో లేదో మీనాకి తెలియలేదు. "ముందు నన్ను పాపని ఒకసారి చూడనివ్వండి."

జయంతి పైకి వెళ్ళి పాపని తీసుకొచ్చింది. నాగమల్లేశ్వరి మెట్ల కింద నిలబడి రెండు చేతులూ చాపింది.

"ఉజ్జూ! రా తల్లీ!"

పాప ఆగింది. ఆ మొహాన్నీ, చాచిన చేతుల్నీ చూసింది. చటుక్కున రెండు అరచేతులతో నోరు గట్టిగా మూసేసుకుంది.

"నేనే చెప్పాను," అంది జయంతి మెట్టు మీద కూలబడుతూ. "ఆంటీ కనిపిస్తే నోరు తెరవద్దని నేనే నేర్పాను."

నాగమల్లేశ్వరి దగ్గరికి వెళ్ళలేదు. ఉన్నచోటే నేల మీద కూర్చుని అరచేతులు తెరిచి, అటూ ఇటూ తిప్పి చూపించింది.

"ఏం లేదమ్మా. చూడు, నా చేతిలో ఏం లేదు."

పాప చూస్తూనే ఉంది. నోటి మీది చేతులు మాత్రం తీయలేదు.