ఫణీంద్ర చూడని వియన్నా

"ఆ ఊరికి మీరు పోయిండ్రా?"

నారాయణగూడలో ఒక సందు మలుపున ఉన్న ట్రావెల్స్ ఆఫీసులోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా ఆమె అడిగిన మొదటి మాట అది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఆ ఆఫీసువాళ్లే అచ్చు వేసిన చిన్న పుస్తకం, 'వియన్నాలో ఒక్క రోజు'. గొడుగు కొసల నుంచి వాన నీళ్లు కారి నేల మీద మడుగు కడుతున్నాయి.

ఆ పుస్తకం రాసింది ఫణీంద్ర. వాళ్ల తాతగారు భీమవరం వైపు నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డారు. యూరప్ చూడబోయే తెలుగువాళ్ల కోసం ఊరికొక పుస్తకం రాయడం ఈ ఆఫీసులో అతని ఉద్యోగం.

"వెళ్లానండి," అన్నాడు.

నిజానికి అతను అప్పటిదాకా విమానమే ఎక్కలేదు. ఆమె అడిగిన తీరు వల్లో, యజమాని పక్క గదిలో ఉండడం వల్లో ఆ మాట వచ్చేసింది. 'లేదు' అనడానికి అంతకంటే తక్కువ శ్రమ పడుతుంది. అయినా మనిషి ఎందుకో ఆ శ్రమ పడడు.

"అయితే తొమ్మిదో పేజీ చూడండి. ఆదివారం తీరికగా ఏడో డిస్ట్రిక్టు అనే పేటలో కొత్త ఫ్యాషన్ దుకాణాలు తిరగండి అని రాసిండ్రు. పోయిన. ఒక్కటి తెరిచి లేదు. ఆ ఊళ్లె ఆదివారం బట్టల దుకాణాలు తెరవరంట. నాకు ఖాళీ దొరికిందే ఆ ఒక్క రోజు. రెండు గంటలు అద్దాలల్లకెల్లి లోపలి చీకటి చూసుకుంట తిరిగిన."

ఫణీంద్ర బిత్తరపోయాడు. ఆదివారం కాకపోతే జనం ఇంకెప్పుడు కొంటారు? చిక్కడపల్లిలో ఆదివారం నడవడానికే సందు ఉండదు. పైగా వియన్నా వీధులన్నీ అతను కంప్యూటర్లో, ఫొటోల మ్యాపు మీద ఒక్కో అడుగూ జరుపుకుంటూ ఆరు నెలలు నడిచాడు. ఆ ఫొటోలు ఏ మంగళవారమో తీసి ఉంటారు. అందులో దుకాణాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

"నేను వెళ్లింది మామూలు రోజుల్లోనండి. పొరపాటైంది. సారీ."

"మీ సారీతోని నాకేమొస్తది? పుస్తకం దిద్దండి. నేను రాసుకొచ్చిన నోట్సు ఇస్త. నా లెక్క ఇంకొకరు పరేషాన్ కావద్దు."

ఆమె పేరు తన్మయి. ఇల్లు చిక్కడపల్లి. బట్టల మీద వేసే అచ్చులకు డిజైన్లు గీస్తుంది. తను పని చేసే కంపెనీ తరఫున ఒక ఎగ్జిబిషన్‌కు ఐదు రోజులు వియన్నా వెళ్లి వచ్చింది.

దిద్దడానికి ఒక్క సాయంత్రం సరిపోవాలి. ఆరు శనివారాలు పట్టింది. నారాయణగూడలోని ఇరానీ హోటల్లో కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చునేవారు. ఆ ఆరు శనివారాల్లో నాలుగు రోజులు వాన పడింది.

"ఒక్క కాఫీ తీసుకోని మూడు గంటలు కూసున్న ఆడ," అంది తన్మయి. "ఎవ్వరు లేపలే. పేపర్లు కట్టెకు బిగించి పెడతరు. ఎంతసేపన్న చదువుకోవచ్చు."

"ఇక్కడ గంట కాకుండానే గుడ్డ పట్టుకొస్తారు."

వెయిటర్ వచ్చి వాళ్ల మోచేతుల మధ్య టేబుల్ తుడిచాడు. ఇద్దరూ నవ్వు ఆపుకుని ఇంకో రెండు చాయ్‌లు చెప్పారు.

"ఆ కాఫీ హోటల్ పక్కనే కళ్లజోళ్ల దుకాణం, దాని పక్కన ఆకుపచ్చ తలుపు. అదే కదండీ?"

"అరె, తలుపుల రంగులు గూడ యాదికున్నయా మీకు?"

ఆమె చూపులో గౌరవం కనిపించింది. తనది కాని వస్తువు అని తెలిసీ అతను దాన్ని దాచుకున్నాడు.

"తిండి పేజీ గూడ సరిగ్గ లేదు. గుమ్మడి గింజల నూనె వేసిన సలాడ్ రుచి మరువలేం అని రాసిండ్రు. అది నల్లగ ఉంటదని రాయొద్దా? బండిల పోసే ఆయిల్ అనుకున్న నేను."

"రుచి ఎలా ఉందండి?"

"మీరు తిన్నరు గద."

"ఒక్కొక్కరికి ఒక్కోలా అనిపిస్తుంది కదండీ. మీకెలా అనిపించిందో చెప్పండి."

ఆమె చెప్పింది. అతను రాసుకోవడం మరచిపోయి విన్నాడు.

ఏడో శనివారం ఆమె నోట్సు తేలేదు. వియన్నాలో ఆమె అద్దంలోంచి చూసిన దుకాణాల్లో ఒకదానికి తన డిజైన్లు పంపింది. వాళ్లు ఆరు నెలలు వచ్చి పని చేయమని రాశారు.

"నాన్న ఒప్పుకుంటలేడు. ఆ ఊరు చూసొచ్చిన పెద్దమనిషి ఎవరన్న వచ్చి చెప్తె పంపుతనంటుండు. మీరు జర వచ్చి చెప్పండి. మీ మాట వింటడు."

వస్తానని తలూపాడు గానీ, ఆ వారమంతా ఫణీంద్రకు అదే ఆలోచన. అబద్ధం నిలబెడితే ఆమె వెళుతుంది. నిజం చెబితే వెళ్లదు, తన మొహమూ చూడదు.

తన్మయి తండ్రి రాఘవేందర్ విద్యుత్ శాఖలో పని చేసి రిటైరైన మనిషి. ఫణీంద్ర వెళ్లేసరికి ఆయన దేవుడి దగ్గర సాయంత్రం దీపం పెట్టి వచ్చి కూర్చున్నాడు. తల్లి మనోరమ వేడి సర్వపిండి పెట్టి, తినేదాకా ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

"దుకాణాల సంగతి నాకొద్దు బాబు," అన్నాడు రాఘవేందర్. "నీళ్లెట్లుంటయి అక్కడ? పొద్దుగాల లేచి తాగుతరు గద, ఆ నీళ్లు."

ఆ జవాబు ఫణీంద్రకు కంఠతా వచ్చు. పదకొండో పేజీలో రాశాడు కూడా.

"కొండల నుంచి పైపుల్లో..." అని ఆగిపోయాడు. "నేను తాగలేదండి. అసలు ఆ ఊరే వెళ్లలేదు. అంతా ఫొటోల్లో చూసి రాశాను."



"తలుపులు?" అంది తన్మయి.

"ఫొటోలోనే."

"సలాడు?"

"తినలేదండి."

"ఇన్ని వారాలు ఎదురుంగ కూసోని విన్నరు గద. ఒక్కసారన్న చెప్పాలనిపియ్యలేదా?"

"ప్రతి శనివారం అనిపించింది. చెబితే తర్వాతి శనివారం మీరు రారని భయం. నాకు పుస్తకం కంటే మీరు రావడమే ముఖ్యమైపోయింది."

పెద్దవాళ్ల ఎదుట అనాల్సిన మాట కాదు. కానీ అప్పటికి అతని దగ్గర నిజం తప్ప ఇంకేమీ మిగల్లేదు. మనోరమ ఖాళీ పళ్లేలు తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"చూడని దేవుని గురించి నేను రోజు పొద్దున గంటసేపు చదువుత," అన్నాడు రాఘవేందర్. "కాబట్టి చూడకుండ రాసినవని నిన్ననలేను. కాని నేను చూసిన అని ఎవ్వరికి చెప్పలే బాబు. తేడా అంత అక్కడుంది."



రాఘవేందర్ కూతురి వైపు తిరిగాడు. "నీళ్లెట్లుండె బిడ్డ?"

ఆ ప్రశ్న తననే అడిగాడని తన్మయికి వెంటనే తోచలేదు.

"సల్లగ, బావి నీళ్ల లెక్కనే ఉండె నాన్న. నల్లా తిప్పి అట్లనే తాగిన. ఏం కాలే."

"చూసొచ్చిన మనిషిని ఇంట్ల పెట్టుకోని నేను బయట దేవులాడిన. పో బిడ్డ. పోయి పని నేర్చుకోని రా."

ఫణీంద్ర సెలవు తీసుకుని మెట్లు దిగాడు. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక అడుగుల చప్పుడైంది.

"పాస్‌పోర్టు ఉందా?" అని అడిగింది తన్మయి.

"లేదండి."

"వియన్నా పుస్తకం రాసినాయనకు పాస్‌పోర్టు లేదు." ఆమె కోపంగానే ఉంది, కానీ పెదవి ఒక పక్కన నవ్వు ఆగడం లేదు. "చేపిచ్చుకోండి. ఆరు నెలలు ఆడ్నే ఉంట. వచ్చి, చూసి, తిని రాయండి."

"పుస్తకం కోసమేనా?"

"ఇన్ని దినాలు మీరు దాచిండ్రు గద. నేను గూడ కొన్ని దినాలు దాస్త."

అతను గేటు తీయబోతుండగా పైనుంచి రాఘవేందర్ గొంతు వినిపించింది. బాల్కనీలో ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"ఫణీంద్రా, పాస్‌పోర్టు ఫారంల నిన్ను బాగ ఎరిగినోళ్ల పేర్లు రెండు అడుగుతరు. ఒకటి నాది రాయి."

ఆయన వెనక నుంచి మనోరమ అంది, "రెండోది నాది."