ఫ్రిజ్ దగ్గర పలకరింపు

ఉదయం ఏడింటికల్లా వంటగది నేల తుడిచి, ఆ తడి ఆరకముందే ఫ్రిజ్ దగ్గరికి వెళ్లడం అమ్మకు మూడు నెలలుగా అలవాటైంది. ఇంట్లో ఏనాడూ కాలికి చెప్పు తొడగని మనిషి. తడి నేల మీద వట్టికాళ్లతో నిలబడి, తలుపుకున్న ఇనుప పిడిని మెల్లగా తాకింది. ముంజేతి దాకా సన్నగా జివ్వుమంది.

"వచ్చారా?" అంటూ నవ్వుకుంది.

నిరుడు పోయిన ఆయన, బతికున్న రోజుల్లో పిల్లిలా వెనక నుంచి వచ్చి ముంజేతి మీద చూపుడువేలితో ఇలాగే గీసేవారు. ఆవిడ ఉలిక్కిపడితే "నేనేలే" అనేవారు. కిటికీలోంచి పడే లేత ఎండలో కళ్లు మూసుకుంటే, ఆ మాట కూడా వినబడినట్టే ఉంటుంది.

"అమ్మా, ఇవాళ ఏ వారం?"

గుమ్మంలో కొడుకు. రోజూ ఇదే పరీక్ష.

"గురువారం. నీకు గుర్తు లేకపోతే గోడ మీద క్యాలెండర్ ఉందిగా!"

కొడుకు నవ్వలేదు. "పదకొండింటికి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. అవసరమైతే కొన్నాళ్లు అక్కడే ఉంచుకుంటామన్నారు."

అమ్మ పిడి మీంచి చెయ్యి తీయలేదు. ఈ ఇల్లు, ఈ గది వదిలి ఎక్కడికి వెళ్లడం?

"నాకు మతి పోలేదురా."

"ఫ్రిజ్‌తో మాట్లాడుతున్నావమ్మా! నాన్న చెయ్యి తగిలిందంటావు. నేనూ పది సార్లు పట్టుకుని చూశా, ఏమీ లేదు!"

అంతలో కూతురు వచ్చింది. ఎలక్ట్రీషియన్ పని చేస్తుంది. ఆసుపత్రికి తోడు రమ్మని అన్న పిలిస్తే, పనిసంచీ భుజాన వేసుకునే వచ్చేసింది. అమ్మ చెప్పిందంతా విని, "నేల తడిగా ఉన్నప్పుడేనా?" అని మాత్రం అడిగింది.

ఫ్రిజ్ ప్లగ్గు పీకి, ఆ సాకెట్లో టెస్టర్ గుచ్చింది. గుప్పిట్లో ఇమిడే వస్తువు, దానికి మూడు చిన్న దీపాలు.

"అంతా సరిగా ఉంటే రెండు వెలగాలి. చూడు, ఒక్కటే వెలిగింది. ఎర్త్ లేదన్నయ్యా. ఫ్రిజ్‌లోంచి కాస్త కాస్త లీకయ్యే కరెంటుకు భూమిలోకి దారి లేక, పిడి దాకా వస్తోంది."

"మరి నాకు తెలియలేదే?"

చెల్లెలు అతని కాళ్లవైపు చూసింది. మందపాటి రబ్బరు చెప్పులు. మంచం దిగిన క్షణం నుంచి మళ్లీ ఎక్కేదాకా అవి అతని కాళ్లను వదలవు.

"ఇప్పుడు చెప్పు. పదకొండింటికి డాక్టర్ దగ్గరికి ఎవరిని తీసుకెళ్దాం?"

కొడుక్కి తల కొట్టేసినట్టయింది.

"నాకు మతి ఉందని తేలిందిగా, ఇక దాన్నలా వదిలెయ్యవే తల్లీ," అంది అమ్మ.

"ఇవాళ గిలిగింతేనమ్మా, రేపు ప్రాణాల మీదికొస్తుంది."

కూతురు మెయిన్ ఆపింది. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. సాకెట్ విప్పితే, ఎర్త్ వైరు స్క్రూ నుంచి ఊడి పక్కన ఊరికే వేలాడుతోంది. దాన్ని బిగించి, మళ్లీ కరెంటు ఇచ్చి టెస్టర్ పెట్టింది. ఈసారి రెండు దీపాలు వెలిగాయి.

టెస్టర్ తీసి ప్లగ్గు పెట్టగానే ఫ్రిజ్ తిరిగి గుర్రుమంది. అమ్మ ఆశగా పిడిని తాకింది. చల్లని ఇనుము, అంతే. మళ్లీ తాకింది. ఏమీ లేదు.

"ఆయన రెండోసారి పోయినట్టుందే," అంటూ ఏడ్చేసింది.

కొడుకు చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, తడి నేల మీదికి వచ్చాడు. అరికాళ్లకు చలి తగిలింది. తల్లి పక్కన నిలబడి, "అమ్మా..." అన్నాడు.

"గురువారం," అంది అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"అది కాదమ్మా. నాన్న నిన్నెలా పలకరించేవారు?"

మూడు నెలల్లో ఒక్కసారైనా అడగని ప్రశ్న. అమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. అతని చెయ్యి దగ్గరికి లాక్కుని, ముంజేతి మీద చూపుడువేలితో సన్నగా గీసింది. కొడుకు ఉలిక్కిపడ్డాడు. అతని కళ్లు నిండిపోయాయి.

"నేనేలే," అంది అమ్మ.