తల ఊపు

మూడో క్వార్టర్ మొదలైన రెండు నిమిషాల్లోనే నేరేయా పాసు నాలుగోసారి ప్రత్యర్థి చేతిలో పడింది. విశాఖ ఇండోర్ స్టేడియంలో బాస్కెట్‌బాల్ చూడ్డానికొచ్చిన ఎనిమిది వేలమంది కలిసి ఛీకొట్టారు.

"దిగిపోవే, ముసలిదానా," అన్నాడు ముందు వరసలో ఒకాయన, పల్లీలు నములుతూ తీరిగ్గా.

ముప్పై ఆరేళ్ల మనిషిని అంత మాట అనడానికి అతనికి ధైర్యం ఇచ్చింది చెవిలోని మతిపూస. గోరంత ఉండే ఆ పూస, ఒక క్రీడాకారిణి ఆడిన ఆటలన్నీ నమిలి మింగి, ఆమె తరవాత ఏం చేస్తుందో పెట్టుకున్నవాళ్ల చెవిలో ఊదుతుంది. మైదానం పైకప్పులో దానికి వందకుపైగా కెమెరా కళ్లున్నాయి. 2091లో లీగు మొత్తం పెట్టుకున్న పూసలో ఉన్న బుర్ర నేరేయాదే. ఇరవయ్యేళ్ల పిల్లలు ఆమెలా ఆడుతున్నారు. ఆమె ఏం చెయ్యబోతోందో అందరికీ తెలుసు కాబట్టి, ఆమె మాత్రం ఆడలేకపోతోంది. నకలు బాగుందని, అసలుదే బాగాలేదని ఊరంతా నవ్వుతోంది. సిగ్గులేని ఊరు.

స్పెయిన్‌లోని పాంప్లోనాలో పదహారో ఏట ప్రొఫెషనల్ జట్టులోకి వచ్చిందామె. పొట్టిది, వేగం లేదు, పెద్దగా ఎగరలేదు. ఉన్నదల్లా అరసెకను ఓపిక. అందరూ బంతి వదిలే చోట ఆమె వదలదు. కళ్లతో కుడివైపును నమ్మించి, చేత్తో ఎడమవైపు ఇస్తుంది. తను పాయింట్లు వేసిన దానికంటే పక్కవాళ్లచేత వేయించిందే ఎక్కువ. ఆ ఓపికను మూడేళ్ల కిందట పూసల సంస్థ పట్టుకుపోయింది. అప్పుడు ఆమె ఇచ్చిన ఒప్పుకోలు ఈ మ్యాచితో ముగుస్తుంది. ఆమె మళ్లీ ఔనంటే విశాఖలో ఆడిన ఈ రెండేళ్లూ పూసలోకి పోతాయి. కాదంటే అందరి చెవుల్లోంచీ ఆమె బుర్ర చెరిగిపోతుంది.

"కాదంటాను," అని పొద్దున్న లాకర్ గదిలో నీలవేణితో చెప్పింది. "ఒక్క సీజను. నా పాసు నాకంటే ముందు ఎవరికీ తెలియకుండా ఆడాలి."

నీలవేణి భీమిలి అమ్మాయి, జట్టులో ఫార్వర్డు. "అలగే అను. నానున్నాను కదా," అంటూ తల అటూ ఇటూ ఊపింది.

మొదట్లో ఆ ఊపు చూసి నేరేయా కంగారుపడేది. పాంప్లోనాలో తల అలా ఆడితే కాదని అర్థం. అన్నం తింటావా అంటే నీలవేణి తల ఆడించేది, ఆడించి రెండు ప్లేట్లు తినేది. అలా నేర్చుకుంది.

నాలుగో క్వార్టర్లో ప్రత్యర్థి మోచెయ్యి నేరేయా నోటికి తగిలింది. కావాలనే కొట్టింది. పెదవి చిట్లి, నోట్లో దూది కుక్కుకుని తిరిగి ఆటలోకి దిగింది. జనం దానికీ ఛీకొట్టారు.

పది సెకన్లు మిగిలాయి. ఒక పాయింటు వెనక. నేరేయా కళ్లెత్తి చూపుతోనే నీలవేణిని అడిగింది: బుట్ట కిందకి పరిగెడతావా? నీలవేణి తల అటూ ఇటూ ఊపింది. 'ఆ అమ్మాయి కాదంది' అని ప్రత్యర్థుల చెవుల్లో, పాంప్లోనా సైగలే తెలిసిన పూస చెప్పింది. ఇద్దరు డిఫెండర్లు నీలవేణిని వదిలేశారు. నేరేయా అరసెకను ఆగి, బంతి వదిలింది. నీలవేణి దాన్ని తీరిగ్గా బుట్టలో వేసింది.

గెలిచింది తమ జట్టే అయినా, పూస చెప్పింది జరగలేదని జనానికి కోపం. నేరేయాకి ఎన్నాళ్లకో ఒంట్లో ప్రాణం లేచొచ్చింది.

మైదానం అంచునే పూసల సంస్థ మనిషి కౌండిన్య, ఒప్పుకోలు పలక పట్టుకుని నిలబడ్డాడు.

"అద్భుతం, మేడమ్. ఆ తల ఊపు మా పూసకి కొత్త. రెండు నిమిషాల్లో నేర్చేసుకుంది. ఈ జట్టులో ఎవరు తల అలా ఆడించినా ఔననే అర్థం. సైగలు నేర్చుకోడానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు, తెలుసుగా." పలక ఆమె ముఖానికి ఎదురుగా పెట్టాడు. "ఇక పూస బుర్రే ఉన్న ఈ పలకకి మీరు జవాబు చెప్పాలి, మాటైనా సైగైనా సరే. మీ ఆట వాడుకోడానికి మళ్లీ ఒప్పుకుంటున్నారా?"

నోట్లో దూది. నేరేయా చిన్నప్పటి నుంచీ కాదని చెప్పే పద్ధతిలో, గట్టిగా, తల అటూ ఇటూ ఆడించింది.

పలక ఆకుపచ్చగా వెలిగింది. "సమ్మతి నమోదైంది."

"ఆవిడ కాదంటంది," అంది నీలవేణి. "కళ్లు లేవా నీకు?"

"పలక ఔనంది, అమ్మా."

నేరేయా నెత్తుటి దూది ఊసి, "కాదు" అంది. తెలుగులోనే, తప్పులేకుండా.

"నమోదయ్యాక వచ్చే సీజను పూర్తయ్యేదాకా మార్చడానికి లేదు, మేడమ్. ఆ తరవాత అర్జీ పెట్టుకోవచ్చు." పలక చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నీలవేణి ఏడుస్తోంది. ఆ ఊపు నేర్పింది తనే. కళ్లు తుడుచుకుని, "మా ఇంటికి పోదాం. పులుసు ఉంది. తింటావా?" అంది.

నేరేయా మెడ పక్కకి కదలబోయింది. పైకప్పులోని పూస కళ్ల వైపు ఒకసారి చూసింది. రెండు చేతులతో గడ్డం గట్టిగా పట్టుకుని, తల కదలకుండా ఆపుకుంది.