నాయనమ్మ మోచేతి గీత

"బొంగరం, ఆ పెన్సిల్ ఇలా ఇయ్యి," అంది అమ్మ.

అమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని, బట్టలుతికే మిషన్ వెనకాల ఉన్న పైపును స్పానర్‌తో తిప్పుతోంది. బొంగరం పెన్సిల్ ఇచ్చి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ గుమ్మం దాకా వెళ్లింది.

ఆ అమ్మాయికి అసలు పేరు వేరే ఉంది. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. ఒక్క చోట కాలు నిలవదు కాబట్టి ఇంట్లోవాళ్లకీ వీధిలోవాళ్లకీ బొంగరమే.

అమ్మ ప్లంబరు. ఊళ్లో ఎన్ని ఇళ్లలో సింకులు బిగించిందో ఆమెకే లెక్క తెలీదు. సొంత ఇంట్లో సింకు పెట్టడానికి మాత్రం తీరిక దొరకలేదు. కొన్న సింకు అట్టపెట్టెలోనే ఉండిపోయి, చివరికి ఆ పెట్టె మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడం అలవాటైపోయింది.

ఆ సింకు నాయనమ్మ కోసం. నాయనమ్మ తన బట్టలు మిషన్‌లో వేయనివ్వదు. "అది ఉతకదు, పిప్పి చేస్తుంది," అంటుంది. స్నానాల గదిలో పొట్టి పీట వేసుకుని, కుళాయి కింద వంగి ఉతుక్కుంటుంది. మొన్న అలా ఉతుక్కుని లేవబోతే నడుము పట్టేసింది. నాన్న వచ్చి లేపేదాకా గోడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ రోజే అమ్మ చెప్పేసింది, ఈ ఆదివారం ఎవరు పిలిచినా పనికి వెళ్లనని.

వీధిలో సైకిల్ బెల్లు మోగింది. పక్కింటి అమ్మాయి వచ్చేసింది.

"అమ్మా, ఇక నేను వెళ్లనా?"

"ఒక్క పని చేసి వెళ్లు. నాయనమ్మని తీసుకొచ్చి ఈ గోడ పక్కన నిలబెట్టు. రోజూ వేసుకునే చెప్పులతోనే. మోచెయ్యి మడవమను. అది ఎక్కడికొస్తే అక్కడ ఈ పెన్సిల్‌తో గీత గియ్యి. సింకు అంచు ఆ గీతకి బెత్తెడు కింద ఉండాలి. అప్పుడు వంగక్కర్లేదు, చేతులెత్తక్కర్లేదు. నేను పెరట్లో వాల్వు కట్టేసి వస్తా."

బొంగరం ఒక్క పరుగున నాయనమ్మ గదికి వెళ్లింది.

"నాయనమ్మా, అమ్మ రమ్మంటోంది. కొలత తీయాలట. తొందరగా."

"ఉండవే, వస్తున్నా. కళ్లజోడు ఎక్కడ పెట్టానో."

"తల మీదే ఉంది."

"ఓహో." నాయనమ్మ కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచి, మళ్లీ కూర్చుంది. "మోకాలు పట్టేసింది. కాస్త ఆగు."

బెల్లు మళ్లీ మోగింది. ఈసారి ఆపకుండా మోగింది.

బొంగరానికి ముళ్ల మీద నిలబడినట్టుంది. నాయనమ్మ లేవాలి, చెప్పులు వెతకాలి, ఆ వసారా అంతా నడవాలి. అంతలోకి ఆట కాస్తా అయిపోతుంది. అయినా నాయనమ్మ మోచెయ్యి ఎక్కడికొస్తుందో తనకి తెలీదా? సరిగ్గా తన భుజానికి. పోయినేడాది సెలవుల్లో ఇద్దరూ అద్దం ముందు పక్కపక్కన నిలబడి చూసుకున్నారు కూడా.

"నువ్వు కూర్చో నాయనమ్మా, నేను చూసుకుంటాలే."

బట్టలుతికే గదిలోకి వచ్చి, గోడకి ఆనుకుని, తన భుజం దగ్గర గీత గీసేసింది. అప్పుడే అమ్మ వచ్చింది.

"ఇంత పైకి వచ్చిందా? అత్తయ్య చెప్పులు వేసుకునే నిలబడ్డారా?"

"ఆఁ, వేసుకుంది," అంది బొంగరం గుమ్మం దాటుతూ.

మధ్యాహ్నమంతా ఇంట్లోంచి డ్రిల్లు చప్పుడు వస్తూనే ఉంది. ఆడుతున్నంతసేపూ బొంగరానికి అది వినబడుతూనే ఉంది. కాసేపటికి అమ్మ కేకేసింది. "రండి రండి. బోణీ నాయనమ్మది."

సింకు తెల్లగా మెరిసిపోతోంది. గోడకీ దానికీ మధ్య సందులో అమ్మ సిలికాన్ పూసింది. ఆ బంక ఇంకా తడిగానే ఉంది. నాయనమ్మ చేతిరుమాలు తడిపి, సబ్బు రాసి, రుద్దడం మొదలుపెట్టింది.

బొంగరం నవ్వుతూనే చూస్తోంది. ఇంతలో నాయనమ్మ భుజాలు చెవుల దాకా లేవడం కనిపించింది. సబ్బునీళ్లు వేళ్ల మీంచి కిందికి పోకుండా ముంజేతుల మీదుగా మోచేతులకి జారి, స్వెటర్ చేతుల్లోకి దిగుతున్నాయి.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"చాలా బాగుందమ్మాయ్," అంది నాయనమ్మ, తడిసిన చేతులు కొంగ రెక్కల్లా దూరంగా పట్టుకుని.

అమ్మ ముఖం వెలిగిపోయింది. బొంగరం ఆ ముఖం చూడలేక తల తిప్పుకుంది. గబగబా బయటికి పోయింది.

కానీ ఆట సాగలేదు. బంతి వదిలేసింది, సైకిల్ వంతు వదులుకుంది. ఎవరో ఏదో అడిగితే ఇంకేదో చెప్పింది. చివరికి మంచినీళ్లకని ఇంట్లోకి వచ్చింది. స్నానాల గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు.

తొంగి చూసింది. నాయనమ్మ పొట్టి పీట మీద కూర్చుని, వంగి, మిగిలిన బట్టలు ఉతుక్కుంటోంది.

"నాయనమ్మా, సింకు ఉందిగా."

"ష్. అమ్మకి చెప్పకే. పాపం, సెలవు రోజంతా దానికే ధారపోసింది." నాయనమ్మ గొంతు తగ్గించింది. "సింకుది తప్పు కాదులే. నేనే కుదించుకుపోయాను. అందరికీ సరిపోయేదే నాకు సరిపోవడం లేదు. ముసలిదాన్నయ్యాక అంతే."

బొంగరం గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నాయనమ్మ తప్పంతా తన వయసు మీదే వేసుకుంటుంది. రేపూ ఈ పీట మీదే కూర్చుంటుంది, మళ్లీ నడుము పట్టేస్తుంది.

అమ్మ వెనక మెట్ల మీద కాళ్లు చాపుకుని టీ తాగుతోంది.

"అమ్మా, ఆ గీత నాయనమ్మది కాదు."

"మరెవరిది?"

"నా భుజం దగ్గర గీశా. పోయినేడాది సెలవుల్లో నాయనమ్మ మోచెయ్యి అక్కడికే వచ్చేది. తను లేచేసరికి ఆలస్యమవుతుందని..."

అమ్మ గ్లాసు పక్కన పెట్టింది. తిడుతుందని బొంగరం ఎదురుచూసింది. తిడితే ఓ ఏడుపు ఏడ్చి ఊరుకోవచ్చు. అమ్మ తిట్టలేదు. వేళ్లకంటిన బంక గీరుకుంటూ కూర్చుంది.

"చెప్పులు వేసుకున్నారా అని అడిగాను కదా."

"అడిగావు."

"వేసుకుంది అన్నావు."

"అన్నాను."

"నీ మాట మీదే గోడకి కన్నాలు పెట్టాను బొంగరం."

బొంగరం తల దించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మ లేచి ప్యాంటు దులుపుకుంది. "బంక ఇంకా ఆరలేదు. ఇప్పుడైతే ఊడి వస్తుంది. పద, నాయనమ్మని తీసుకురా. ఈసారి నిజంగా."

నాయనమ్మ పీట మీంచి లేవడానికి బొంగరం చెయ్యి అందించింది. నాయనమ్మ చేతులు తుడుచుకుంది. కళ్లజోడు తుడుచుకుంది. రోజూ వేసుకునే చెప్పులు మంచం కిందికి పోయాయి. బొంగరం పాకి తీసింది. ఇద్దరూ వసారాలో బయల్దేరారు. నాయనమ్మ నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ కదులుతుంది. బొంగరం కాళ్లు ముందుకు పరిగెత్తబోయాయి. బొంగరం వాటిని ఆపింది.

గోడ పక్కన నాయనమ్మ నిలబడి, ఒక చెయ్యి బొంగరం భుజం మీద వేసి, రెండో మోచెయ్యి మడిచింది. అది బొంగరం భుజానికి చాలా కిందనే ఆగిపోయింది.

"చూశావా, నేను కుదించుకుపోయాను," అంది నాయనమ్మ.

"నేను కూడా పొడుగయ్యాను నాయనమ్మా. నేనే చూసుకోలేదు."

భుజం మీద నాయనమ్మ బరువు ఆనింది. అప్పుడే వీధిలో బెల్లు మోగింది. ఆగి మళ్లీ మోగింది. అమ్మ బొంగరం వైపు చూసింది.

బొంగరం కదిలితే నాయనమ్మ కదులుతుంది. నాయనమ్మ కదిలితే గీత వంకర పోతుంది. ఉన్నచోటి నుంచే కిటికీ వైపు తల తిప్పి, "ఉండవే, వస్తున్నా," అని కేకేసింది.

తర్వాత పెన్సిల్ అందుకుని, మోచేతి కింద మెల్లగా గీత గీసింది.